జగ్గమ్మ కొట్లో ఇంటర్నెట్టు గడియారం

మా పేటలో బంగారురాజు నోరు విప్పాడంటే జగ్గమ్మ పొయ్యి మీంచి టీ గిన్నె దించేస్తుంది. ఆయన కథ అయ్యేలోపు ఎవరూ ఇంకో టీ అడగరు, ఊరికే గ్యాసు దండగ అని ఆవిడ లెక్క. ఆ రోజు మధ్యాహ్నం కూడా గిన్నె దించేసి, కొంగుతో మొహం తుడుచుకుని, స్తంభానికి జారబడింది.

ఫోన్లో ఇంటర్నెట్టు చవకైపోయిన ఏడాది అది. నా పేరు హరిబాబు. మాది చీపురుపల్లి. ఈ సముద్రపొడ్డు పేటలో కిరాణా కొట్టు పెట్టుకుని బతుకుతున్నాను. జగ్గమ్మ టీకొట్టుకీ నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అటువైపు ఒక గడియారం వేలాడుతోంది. సోన్‌పాపిడి డబ్బాలో ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి. అది బంగారురాజు స్వయంగా చేసింది. టైము దానంతట అదే ఇంటర్నెట్టులోంచి తెచ్చుకుంటుంది. ఆ ఇంటర్నెట్టు నా కొట్లోది కాబట్టి పాపంలో నాకూ వాటా ఉంది.

ఆ రోజు గడియారానికి తీర్పు. చేపలమ్మే ఆడవాళ్ళు తెల్లారగట్ల వెళ్తూ వెళ్తూ జగ్గమ్మకి చెప్పి వెళ్ళారు, తిరిగొచ్చాక ఏదో ఒకటి తేల్చేస్తాం, ఉంచడమో పీకెయ్యడమో అని. వాళ్ళలో బంగారురాజు పెళ్ళాం గున్నమ్మ కూడా ఉంది. పెళ్ళాం ఎటు మాట్లాడుతుందో ఆయనకి తెలియదు, అడగడానికి మొహం చెల్లలేదు. భుజం పట్టేసి సముద్రం మీదకి వెళ్ళడం మానేశాక ఆయన తన చేతుల్తో చేసి పదిమందిలో పెట్టిన వస్తువు అదొక్కటే. అదీ గోడ దిగిపోతే ఇంక జగ్గమ్మ బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చునే ముసలివాళ్ళలో ఆయనా ఒకడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

అందుకని ఆయన ముందే మాట కూడగట్టుకుంటున్నాడు. వినడానికి నేనూ, జగ్గమ్మా, చిరుగు వల ఒళ్ళో వేసుకుని కూర్చున్న గంగులూ తప్ప ఎవరూ లేరు. గాలి లేదు. మాకు లేచి వెళ్ళిపోయే ఓపిక కూడా లేదు.

"సెప్పి సెప్పి నా నోరు పడిపోతన్నాది," అన్నాడు బంగారురాజు. "అయినా మీరు అడిగినారు గావట్టి సెప్తన్నాను."

ఎవరూ అడగలేదు.

"మా దుర్గ ఉన్నాది కదా, ఇజీనారంలో పాలిటెక్నిక్ సదువుతన్నాది, ఆ గుంట సెలవలకి వొచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చినాది. కొత్తగా నేర్సుకునేవోల్లకి ఇచ్చే పనంట. ఏలెడంత బోర్డు, గుప్పెడు వైర్లు, అంకెలు ఎలిగే పలక ఒకటి. ఇది ఎవులైనా సేసీగలరు నాన్నా అనీసి, దాన్ని గూట్లో ఎట్టి, పరీచ్చలని ఎల్లిపోనాది. నాను దాన్ని సూసినాను. అది నన్ను సూసినాది. ఇందులో ఏటున్నాది, వల కంటే సన్నపు పనేటి? పుట్టినకాడ్నించి వల అల్లినోడికి నాలుగు వైర్లు ఒక లెక్కా? ఫోన్లో వీడియో ఎట్టుకున్నాను. ఆడు హిందీలో సెప్తన్నాడు. నాకు హిందీ రాదు, ఆడికి తెలుగు రాదు. అయితే ఏటి, నాను ఆడి నోరు సూడనేదు, సేతులు సూసినాను."

ఇక్కడిదాకా నేను పట్టే తప్పేమీ లేదు. ఆ వీడియో ఆయన నా కొట్టు ముందు కూర్చునే చూశాడు. టంకం పెట్టే పుల్ల చీపురుపల్లి నుంచి నేనే తెచ్చిచ్చాను. బంగారురాజు మొదట్లోనే అబద్ధమాడే రకం కాదు. ముందు ఎర వేస్తాడు, మనిషి కాస్త దగ్గరికొచ్చాక లాగుతాడు.

"సగం అతుకులు అతికినాను, కరెంటు పోనాది. పుల్ల సల్లారిపోనాది. ఇంకొకడైతే ఒగ్గీసి తొంగుంటాడు. నానేటి సేసినాను? బీడీ ముట్టించినాను. గట్టిగా ఒక్క దమ్ము లాగినాను. బీడీ కొస నిప్పు కనికైపోనాది. దాంతోటి మిగతా అతుకులన్నీ అతికీసినాను."

"బీడీతోనా?" అన్నాడు గంగులు, వల మీంచి తల ఎత్తకుండా.

"బీడీతోటే బావా. ఊపిరి ఉండాలి. నడిసముద్రంలో ములిగి, ఇరుక్కున్న లంగరు ఇప్పినోడి ఊపిరి ఇది. మరి వైర్లు కదిలిపోవా అంటావు. వల ముడి ఏసినాను. ఎంత లాగినా బిగుస్తాది తప్ప ఊడదు. ఆ ముడి దుర్గ ఫొటో తీసుకోని కాలేజీలో సూపించినాదంట, మేస్టర్లు దిమ్మెరపోయి పాత పద్దతి తీసీసినారు. ఇప్పుడక్కడ పిల్లలందరికీ ముందు ఆరు నెల్లు వల అల్లడమే నేర్పుతన్నారు. సరే, కరెంటొచ్చినాది. ఎర్రంకెలు ఎలిగినాయి. ఆ తరవాత ఏటైనాదో తెల్సా?"

జగ్గమ్మ ఈగని తోలింది.

"టైము తప్పు. బైట ఎండ పేలిపోతన్నాది, డబ్బాలో సూస్తే ఇంకా తెల్లారనేదు. ఐదున్నర గంటలు ఎనక్కున్నాది. అది లండను టైము. ఈ ఇంటర్నెట్టు గడియారాలకి మన ఊరేదో సెప్పకపోతే అవి లండన్లోనే ఉండిపోతాయి. ఇంటర్నెట్టుకి అదే పుట్టిల్లు."

ఇది కూడా నిజమే. ఐదున్నర గంటలు కలుపుకోమని గడియారానికి మనమే రాసిపెట్టాలి. దుర్గ ఫోన్లో చెబుతుంటే, దాని పాత కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కోసం వేలు గాల్లో తిప్పుతూ ఆయన ఆ అంకె మార్చడం నేను చూశాను. చెమట కంప్యూటరు మీద పడుతుంటే తువ్వాలుతో అద్దుకున్నాడు. ఆ పని అయినప్పుడు ఆయన మొహం చూసి నాకు ముచ్చటేసింది. కానీ ఉన్నదున్నట్టు చెబితే ఆయన బంగారురాజు ఎందుకవుతాడు?

"నన్ను రాసుకోమన్నాది దుర్గ. నానెందుకు రాయాల? తప్పు ఆలది. లండనుకి ఫోను కొట్టినాను."

"లండనుకి," అంది జగ్గమ్మ కళ్ళు మూసుకునే.

"లండనుకే వొదినా. అక్కడ టైముకి కాపలా కాసేవోడు ఒకడుంటాడు. పెద్ద గది, నాలుగు గోడలూ గడియారాలే. ఎత్తినాడు. ఎవులన్నాడు. బంగారురాజునన్నాను. ఏ బంగారురాజన్నాడు. సముద్రపొడ్డునుంటాను, గడియారం సేసినాను, నీ టైము ఐదున్నర గంటలు ఆలీసంగా వొస్తన్నాది, తోవలో ఎక్కడైనా పడుకుంటన్నాదేమో సూసుకో అన్నాను. ఆడు నాలుగు గోడలూ సూసుకున్నాడు. తరవాత, తప్పైపోనాది బావగారూ అన్నాడు."

"తెలుగులోనా?" అన్నాను నేను.

"తప్పు ఒప్పుకునేటప్పుడు ఏ బాసైతే ఏటి షావుకారూ. గొంతులో తెలిసిపోతాది. ఆడు అటుపక్క నుంచి ఐదున్నర గంటలూ ఒక్క తోపు తోసినాడు. ఇక్కడ అంకెలు గిర్రున తిరిగి సరీగ్గా వొచ్చి నిలబడినాయి. ఆ తోపుకి మద్దెలో ఉన్న దేశాలన్నిటికీ కొంచెం కొంచెం టైము తగిలినాది. అరబ్బు దేశాలకి పనికెల్లిన మన గుంటలు ఫోన్లు సేసినారు, ఈ రోజు ఇక్కడ పెందలకాడే తెల్లారిపోనాది బాబయ్యా, అక్కడేటి సంగతనీసి. మరేటీ నేదురా, నానే గడియారం సరిజేస్తన్నాను, కంగారుపడకండని సెప్పినాను."

గంగులు నవ్వాడో దగ్గాడో తెలియలేదు. బంగారురాజు ఎడమచేత్తో కుడిభుజం పిసుక్కుంటూ రోడ్డు వైపు చూశాడు. ఆటో ఇంకా రాలేదు. మళ్ళీ మా వైపు తిరిగి కొంచెం గొంతు పెంచాడు.

"అప్పుడు తెచ్చి ఈ గోడకి తగిలించినాను. ఎవులికీ సెప్పనేదు. తెల్లారేసరికి సూసుకుంటారు, అదే తెలుస్తాది అనుకున్నాను. మొట్టమొదట తెలిసినాది ఎవులికనుకున్నారు? కోల్లకి. పేటలో పుంజులన్నీ వొచ్చి ఈ గోడ కింద వరసగా నిలబడి, మెడలు సాపి అంకెలు సూసుకోని, సరీగ్గా టైమైనాక అన్నీ ఒక్కపాలి కూసినాయి."

"మా పుంజు రానేదే," అన్నాడు గంగులు.

"మీ పుంజుకి సదువు రాదు బావా. అది పక్కింటి పుంజుని అడిగి కూస్తాది. సరే, కోల్ల సంగతి ఒగ్గీ. ఇశాపట్నం ఎల్లే ఓడలున్నాయి కదా, కప్తానులు దుర్బిణీ ఎట్టి ఈ డబ్బా కేసి సూసి ఆల గడియారాలు సరిజేసుకోడం మొదలెట్టినారు. ఒక కప్తానుకి సూపు ఆననేదు. దగ్గిరికొచ్చి సూద్దామని ఓడని ఒడ్డుకి తెచ్చీసినాడు. ఇసకలో దిగబడిపోనాది. కప్తాను మీదనుంచి దండం ఎడతన్నాడు. ఏటి సేస్తాం, మనూరొచ్చిన మనిషి. నాను నీల్లలోకి దిగి, ఎనకనుంచి తోసినాను. తోస్తే గానీ కదిలినాది కాదు."

"ఈ భుజంతోటేనా?" అంది జగ్గమ్మ.

"ఈ భుజంతోటే. ఇది పట్టేసినాది అప్పుడే మరి."

జగ్గమ్మ కళ్ళు తెరిచి ఒకసారి ఆయన కేసి చూసి మళ్ళీ మూసుకుంది. ఆ భుజం ఎప్పుడు పోయిందో పేటంతటికీ తెలుసు. గడియారానికి చాలా ముందు, పెద్ద వల లాగుతుంటే తాడు ఎదురు తన్ని పోయింది. ఆ రోజు నుంచీ పడవలో ఆయన చోట ఇంకొకరు ఎక్కుతున్నారు. దాన్ని ఓడ తోసిన భుజంగా చెప్పుకోవడం మొదటిసారి విన్నాను. కాదనబుద్ధి కాలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

దాంతో ఆయనకి ఊపొచ్చింది.

"పైన ఉపగ్రహం తిరుగుతాది కదా. దాని పని లోకానికి టైము పంచడం. అది ఇనుకున్నాది, కింద ఒక సోన్‌పాపిడి డబ్బా ఉన్నాది, నీ కంటే సరైన టైము సెప్తన్నాదని. దానికి ఒళ్ళు మండినాది. సూద్దామనీసి దిగినాది. ఎంత కిందకి దిగినాదంటే, నరసింగరావు కొబ్బరి సెట్టు మట్టలు తెగిపడినాయి."

"అవి గాలికి పడినాయి," అన్నాడు గంగులు.

"ఆ గాలి ఎక్కడిది బావా? అది దిగినప్పటి గాలే. డబ్బా సుట్టూ తిరిగినాది, అంకెలు సూసుకున్నాది, తన లెక్క సరిజేసుకోని మల్లీ పైకెల్లిపోనాది. ఎల్తా ఎల్తా నాతోటి ఒక మాటనేసి ఎల్లినాది, అది ఇక్కడ సెప్పకూడదు, పెబుత్వానికి సంబందించినాది. ఆ తరవాత ఏటైనాదో తెల్సా? సముద్రం. అమావాస్సి పోటు. టైము కాకుండానే నీల్లు పడవల కాడికి వొచ్చీసినాయి. అందరూ పడవలు లాగుతన్నారు, కేకలేస్తన్నారు. నాను కేకెయ్యనేదు. ఈ డబ్బా పట్టుకోని ఎల్లినాను. కెరటానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. సూసుకోయే తల్లీ అన్నాను. కెరటం సగం లేచి ఆగినాది. అంకెలు సదూకున్నాది. సిగ్గుపడిపోనాది. మారు మాటాడకుండా ఎనక్కెల్లి, టైమైనాకే మల్లీ వొచ్చినాది."

"డబ్బాకి వైరుండాలి కదా, ఒడ్డుదాకా ఎలా పట్టుకెళ్ళావు?" అన్నాను.

"షావుకారూ, నువ్వు యాపారస్తుడివి. సముద్రం ఆగినాదిరా అంటే నీకు వైరు కనిపించినాది."

అప్పుడు గంగులు వల పక్కన పెట్టాడు. ఆయన కోపిష్టి కాదు. కానీ ఆ మధ్యాహ్నం ఎవరికీ ఓపిక లేదని చెప్పాను కదా.

"అదంతా సరే బావా. సముద్రం ఆగినాది, బాగానే ఉన్నాది. మరి ఆ రోజు మనోల్లకి రైలెందుకు ఆగనేదు? మా లచ్చుమనమ్మ బుట్టెడు సేపలు సెడగొట్టుకోని ఏడ్సుకుంటా వొచ్చినాది. అది సెప్పు."

తీర్పు దాని మీదే. బంగారురాజు ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాడు తప్ప దాని దగ్గరికి రాలేదు.

జరిగింది ఇది. ఈ గోడకి ఇంతకు ముందు జగ్గమ్మ మొగుడు పెట్టిన పాత గడియారం ఉండేది. అది ఎప్పుడూ అరగంట ముందే. ఆయన బతికుండగా కావాలనే అలా పెట్టాడు, ఆయన పోయాక ఎవరూ మార్చలేదు. పేటలో దాన్ని జగ్గమ్మ టైము అనేవాళ్ళు. ఆడవాళ్ళు సాయంత్రం ఒడ్డున వేలంపాటలో పాడుకున్న చేపలు ఐసులో వేసుకుని, తెల్లారగట్ల ఇక్కడ శివాజీ ఆటో ఎక్కి, చీపురుపల్లిలో పాసింజరు పట్టుకుని ఊళ్ళమ్మట అమ్ముకుంటారు. ఆటో కదిలేది ఈ గడియారం చూసే. ఎలాగూ అరగంట ముందుందిలే అని మనసులో తీసేసుకుని ఇంకో టీ తాగేవాళ్ళు, తాగినా రైలు కంటే ముందే చేరేవాళ్ళు, ఎప్పుడూ తప్పలేదు. బంగారురాజు ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పాతది దించి కొత్తది పెట్టాడు. కొత్తది సరైన టైము చెప్పింది. ఆడవాళ్ళు అలవాటు చొప్పున అందులోంచి కూడా అరగంట తీసేశారు. టీ తాగారు, బుట్టలు సర్దుకున్నారు, నెమ్మదిగా వెళ్ళారు. వాళ్ళు వెళ్ళేసరికి స్టేషన్లో రైలు లేదు.

గడియారం తప్పేమీ లేదు. ఆ మాట బంగారురాజు అప్పట్లో నాతో చాలాసార్లు అన్నాడు. కానీ ఎండలో బుట్టలు వాసనొచ్చిన ఆడవాళ్ళతో అనలేకపోయాడు. ఆ మర్నాటి నుంచి వాళ్ళకి అది సరైన టైమని తెలుసు. తెలిసినా, రోజూ ఆఖరి నిమిషందాకా ఉండి పరుగులే.

బంగారురాజు లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే కథ కాదన్నట్టు.

"రైలు తప్పిపోనాదని ఎవులన్నారు? రైలే తప్పు సేసినాది బావా. ఆ రోజు పాసింజరు డ్రైవరుకి తెలిసిపోనాది, ఫలానా పేటలో సరైన గడియారం ఎట్టినారు, ఇంక ఆలీసంగా ఎల్తే పరువు పోతాదనీసి. బయానికి టైము కంటే ముందొచ్చీసినాడు. వొచ్చీసి, నిలబడకుండా ఎల్లిపోతన్నాడు. నాకు ఇక్కడ కబురు తెలిసినాది. ఊరుకుంటానా? మనాడోల్ల సేపలు. డబ్బా సంకనెట్టుకున్నాను, పరుగెట్టినాను. ఇక్కడ్నించి చీపురుపల్లి ఎంత దూరం, ఒక్క పరుగు. స్టేషనుకెల్లేసరికి రైలు తోక కనిపిస్తన్నాది. పట్టాల మీన పడ్డాను. నాను రైలెనకాల, నా ఎనకాల స్టేషను మాస్టరు, ఆయనెనకాల ఇడ్లీలమ్మేవోడు."

రోడ్డు మీద ఆటో ఆగింది. ఆయన వీపు అటువైపుంది, వినలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ బుట్టలతో దిగారు. గున్నమ్మ అందరికంటే ఆఖర్న దిగింది. ముందు ఒక కాలు కింద పెట్టి, ఆటో కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడి, అప్పుడు రెండో కాలు పెట్టింది. జగ్గమ్మ పిలవబోతే వద్దని చెయ్యి ఊపి, బుట్ట దించి, మా వెనక నిలబడి వింటోంది. నేను సైగ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఆ మాత్రం పాపం కూడా నాదే.

"గార్డు పెట్టె కాడికి వొచ్చీసినాను. డబ్బా ఎత్తి సూపించినాను. ఏటి బాబూ ఇది, టైము సూసుకోవా అన్నాను. గార్డు సూసినాడు. ఆడి గడియారం సూసుకున్నాడు. ఆడి మొహంలో రగతం నేదు. జెండా ఊపినాడు. రైలు ఆగినాది. ఆగడం కాదు బావా, ఎనక్కి వొచ్చినాది. ఇంజనుతో సహా, పెట్టెలన్నీ, అందులో జనం అందరూ, ఎనక్కి నడుసుకుంటా వొచ్చి చీపురుపల్లిలో నిలబడినాది. డ్రైవరు దిగి, అమ్మా తప్పైపోనాది, ఎక్కండి తల్లీ అనీసి మనాడోల్ల బుట్టలు ఆడే ఎత్తి పెట్టినాడు. మా గున్నకైతే కిటికీ పక్కన సీటిచ్చినాడు. అది కూకోని నాకేసి సూసి—"

"నాను బుట్ట మీన సెయ్యేసుకోని ప్లాట్‌ఫారం మీనే ఉన్నాను మావా," అంది గున్నమ్మ. "సానాసేపు ఉన్నాను. నువ్వు రానేదు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. బంగారురాజు ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత భుజం నొప్పెట్టిందేమో, దించేశాడు.

జగ్గమ్మ లేచి టీ గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. కథ అయిపోయిందని. ఆడవాళ్ళు బల్లల మీద కూలబడ్డారు. గంగులు వాళ్ళ లక్ష్మణమ్మ చెప్పులు విడిచి అరికాళ్ళు ఒత్తుకుంటోంది. తీర్పు ఎవరు చెబుతారా అని ఆయన ఒక్కొక్కరి మొహం కేసీ చూస్తున్నాడు. చివరికి గున్నమ్మే చెప్పింది. వాళ్ళు తోవలో అంతా మాట్లాడుకున్నారట. గడియారం ఉంచుతారట. చీకట్లో కూడా అంకెలు కనిపిస్తాయి, అది బాగుందట. కానీ దాన్ని అరగంట ముందుకి పెట్టాలట.

బంగారురాజుకి మొదట సగమే వినిపించినట్టుంది. ఉంచుతారనగానే మొహం వికసించింది. మిగతా సగం తలకెక్కాక ముడుచుకుపోయింది.

"ముందుకెట్టడమేటి? ఇది సరైన టైము. లోకమంతా ఒప్పుకున్న టైము. దాన్ని తప్పుగా ఎట్టమంటే ఎలాగ? కుదరదు. ఇంటర్నెట్టు ఒప్పుకోదు."

గంగులు వల మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "లండనోడు ఒప్పుకున్నాడు," అన్నాడు నెమ్మదిగా. "సముద్రం ఒప్పుకున్నాది. రైలు ఎనక్కి నడుసుకుంటా వొచ్చినాది. ఒక్క అరగంట కాడికొచ్చేసరికి కుదరదేటి బావా?"

ఆడవాళ్ళు నవ్వారు. ఎక్కువ కాదు, అలిసిపోయినవాళ్ళు నవ్వినంత. నేనూ నవ్వాను. బంగారురాజు మా వంక చూడలేదు. బల్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు గడియారం కేసి చూశాడు.

"కుదురుతాది," అన్నాడు. "ఒక్క అంకె మార్సాల. ఐదున్నర అని ఉన్నకాడ ఆరు అనెట్టాల. అంతే పని."

ఆ రోజు మొత్తం మీద ఆయన చెప్పుకున్న పనుల్లో అతి చిన్నది అదే. అది చెప్పడానికే ఎక్కువ కష్టపడ్డాడు.

"నిజం టైము నాకు తెల్దేటి మావా?" అంది గున్నమ్మ, ఆయన పక్కన కూర్చుంటూ. "ఫోన్లో ఉన్నాది, స్టేషన్లో ఉన్నాది, ఎక్కడ సూసినా ఉన్నాది. కానీ పొద్దున్నే నిజం టైము సూస్తే ఒళ్ళు మాటినదు. ఇంకా ఉన్నాదిలే, ఈ బల్ల మీనే ఇంకొక్క కునుకు అంటాది. గోడ మీన గడియారం తరుముతుంటేనే నా కాల్లు లెగుస్తాయి. అది ముందుందని తెల్సు. తెల్సినా లెగుస్తాయి."

బంగారురాజు తల దించుకుని చెప్పాడు. మాకు వినబడాలని చెప్పింది కాదు, కానీ వినబడింది.

"ఆ అరగంట నువ్వు పడుకుంటావనే సేసినానే. మోకాల్లు నొప్పులెట్టుకోని రోజూ రైలు రాకముందే ఎల్లి ఆ సిమెంటు మీన కూకునేదానివి కదా. సరైన టైముంటే ఆ అరగంట ఇంటి కాడ తొంగుంటావనుకున్నాను."

జగ్గమ్మ టీ వడపోస్తూ చెయ్యి ఆపేసింది. ఇన్ని కోతలు కోసిన మనిషి ఈ ఒక్క ముక్కా ఎందుకు దాచాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇదే ముందు చెప్పి ఉంటే రైలూ ఓడా ఏవీ అక్కర్లేకపోయేవి.

జగ్గమ్మ ఇచ్చిన టీ గున్నమ్మ అందుకుని, సగం ఇంకో గ్లాసులో పోసి, అది ఆయన చేతిలో పెట్టింది.

"ఆ అరగంట కూడా పడుకున్నానంటే నాను మరి లెగలేను మావా," అంది.

టీ తాగడం అయ్యాక బంగారురాజు జగ్గమ్మని ఎత్తుపీట అడిగాడు. ఒంటి చేత్తోనే డబ్బా దించాడు. వైరు పీకగానే ఎర్ర అంకెలు ఆరిపోయాయి. ఇంటికి పట్టుకెళ్ళి అంకె మార్చి చీకటిపడేలోపు మళ్ళీ తెచ్చి పెడతానన్నాడు. మెట్టు దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి పెళ్ళాం కేసి తిరిగాడు.

"అరగంట సాలేటి? ఇంకొంచెం ముందుకెట్టమంటావా?"

గున్నమ్మ మోకాలు పట్టుకుని లేస్తోంది.

"అరగంట సాల్లే," అంది. "మరీ తరమకు."